బిడ్డ పుట్టుకను వ్రాయించుట - తల్లిదండ్రుల ధర్మము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగము)



ఇరువదియైదు వత్సరములు నిండిన గ్రంథాలయమున నేడు పండుగ జరుగుచున్నది. ఇట్టి సభలో ఏదేని కావ్యమును గూర్చియో పురాణమును గూర్చియో వినగోరుట సహజము. కాని నేటి ప్రసంగమునకు విషయము ఒక చిన్న కాగితము. బిడ్డ పుట్టినపుడు వ్రాయించి తెచ్చుకొనవలసిన జనన ధ్రువపత్రము అది. కాగితము చిన్నదే యైనను దాని వెనుక తల్లిదండ్రుల ధర్మము కలదు, చట్టము కలదు, బిడ్డ బ్రతుకు కలదు. పురాణములకును దీనితో సంబంధము లేకపోలేదు.

గ్రంథాలయము నడపువారికి ఒక నియమము కలదు. క్రొత్త పుస్తకము వచ్చినంతనే దానిని బీరువాలో పెట్టరు. ముందుగా చేర్పు పట్టికలో గ్రంథము పేరు, గ్రంథకర్త పేరు, వచ్చిన తేదీ, వెల వ్రాసి, వరుస సంఖ్య వేసి, ముద్ర కొట్టి, పిమ్మట బీరువాలో చేర్తురు. పట్టికకెక్కిన పుస్తకము కనబడకున్నచో తనిఖీనాడు తెలియును. ఎవరు తీసికొనిపోయిరని విచారింతురు. పట్టికకెక్కని పుస్తకము పోయినచో, అది పోయినదన్న సంగతియే ఎవరికిని తెలియదు. బిడ్డల విషయమును ఇట్టిదే. ఏ పుస్తకమునందును లేని బిడ్డ బడికి రాకున్నను, పండ్రెండవ యేట పెండ్లిపీటలపై కూర్చున్నను, దూరదేశమున ఇటుకబట్టీలో పనికి కుదిరినను, లెక్కలో ఒకటి తగ్గినదని చెప్పగలవారుండరు. పుట్టుకను వ్రాయించుట యనగా ఈ బిడ్డను గూర్చి అడుగు హక్కును లోకమునకిచ్చుట. ఆ లెక్కకు తాము జవాబుదారులమని తల్లిదండ్రులు ఒప్పుకొనుట.

నన్నయభట్టారకుని ఆదిపర్వము చదివినవారికి ఈ మాట క్రొత్త కాదు. కణ్వాశ్రమమున దుష్యంతునకును శకుంతలకును గాంధర్వ విధిని వివాహము జరిగినది. తండ్రి రాజధానియందుండగా బిడ్డ అడవిలో పుట్టి పెరిగెను. తల్లి వానిని వెంటబెట్టుకొని సభకు వచ్చినపుడు, రాజు ఎరిగియుండియు లోకాపవాదమునకు వెరచి ఎరుగనని పలికెను. సత్యమహిమను గూర్చి ఆమె ఎంత చెప్పినను, ఆ సభలో ఆమెకు సాక్షి లేడు. తుదకు ఆకాశవాణి పలికినగాని భరతుడు తండ్రికి కొడుకు కాలేదు. కాళిదాసు నాటకమున గురుతుగా ఒక ఉంగరము కలదు, అదియు నీటబడెను. చేప కడుపున దొరకునంతవరకు ఆ తల్లి మాట చెల్లలేదు. చక్రవర్తి కాబోవు బిడ్డకే పుట్టుకకు సాక్ష్యము కరవైనపుడు సామాన్యుల బిడ్డల మాట చెప్పనేల? నేటి ఆకాశవాణి వార్తలు చెప్పును గాని సాక్ష్యము చెప్పదు. ఆ పని చేయవలసినది పంచాయతి కార్యాలయములోని పుస్తకము.

ఆ పర్వముననే కర్ణుని కథయు కలదు. కురుకుమారులు విద్య చూపు రంగస్థలమున కర్ణుడు అర్జునునకు దీటుగా నిలిచెను. అప్పుడు కృపాచార్యుడు నీ తల్లిదండ్రులెవరు, నీ వంశమేది యని అడిగెను. విలువిద్యలో ఎవనికిని తీసిపోనివాడు ఆ ప్రశ్నకు తలవంచుకొనెను. కన్నతల్లి ఆ సభలోనే యుండి, కొడుకును గుర్తించి మూర్ఛిల్లెను గాని నోరు విప్పలేకపోయెను. సహజ కవచ కుండలములతో పుట్టినవానికి, ఇతడు ఫలానివారి బిడ్డయని చెప్పు కవచమొక్కటి లేకపోయెను. ఆ లోటు అతనిని కురుక్షేత్రము దాక వెంటాడినది.

జనన మరణములను వ్రాయుట తెల్లదొరలు తెచ్చిన వాడుకయని కొందరు తలంతురు. చంద్రగుప్త మౌర్యుని కాలమున వచ్చిన గ్రీకు రాయబారి మెగస్తనీసు పాటలీపుత్ర నగర పాలనమును వర్ణించుచు, అయిదుగురేసి సభ్యులు గల ఆరు సంఘములు కలవనియు, వానిలో మూడవ సంఘము జనన మరణములు ఎప్పుడు, ఎట్లు జరిగినవో విచారించి వ్రాయుననియు తెలిపెను. అది పన్నులకొరకే కాదనియు, గొప్పవారివైనను పేదవారివైనను జనన మరణములు ప్రభుత్వమునకు తెలియకుండరాదనియు కారణము చెప్పెను. కౌటిల్యుని అర్థశాస్త్రమున గోపుడను ఉద్యోగి కలడు. అయిదు లేక పది గ్రామములకు ఒక్కడుగా నుండి, ఇంటింట బాలవృద్ధులెందరో, వారి వృత్తులేవో, ఆదాయ వ్యయములెంతో వ్రాసికొనుట అతని పని. గ్రామములోని ప్రాణులను లెక్కలోనికి తెచ్చుట ఈ దేశమున రెండువేల యేండ్లకు పైబడిన ధర్మము.

ఆంగ్లేయుల కాలమున చెన్నరాజధానికి 1899లో జనన మరణ నమోదు చట్టము వచ్చినది. ఆ రాజధానిలోని తెలుగు గ్రామములయందు మునసబు ఈ పుస్తకము వ్రాసెడివాడు. స్వాతంత్ర్యానంతరము దేశమంతటికి ఒక్కటిగా 1969లో జనన మరణ నమోదు చట్టము చేయబడి, 1970 ఏప్రిలు 1వ తేదీనుండి అనేక రాష్ట్రములలో అమలులోనికి వచ్చినది. ఆంధ్రప్రదేశమున 1984లో కరణము, మునసబు, పటేలు, పట్వారీ ఉద్యోగములు రద్దయిన పిదప వ్రాయువారు మారిరి గాని వ్రాత మానలేదు. నేడు గ్రామమున ఈ పని పంచాయతి కార్యదర్శిది. 1969 నాటి చట్టమును 2023లో సవరించిరి. ఆ సవరణ 2023 అక్టోబరు 1వ తేదీనుండి అమలగుచున్నది.

తెలుగునాట బిడ్డ పుట్టిన పదునొకండవ నాడు పురుడు తీర్చుకొందురు. కొందరు ఆనాడే, కొందరు ఇరువదియొకటవ నాడు బారసాల చేయుదురు. తండ్రి పళ్లెములోని బియ్యమున బంగారుటుంగరముతో పేరు వ్రాయును. బిడ్డ చెవిలో పేరు చెప్పుదురు. ముత్తైదువులు పాటలు పాడి ఉయ్యాలలో వేయుదురు. చట్టము పెట్టిన గడువును 21 దినములే. ఈ రెండును కలిసివచ్చుట మన భాగ్యము. బియ్యమున వ్రాసిన పేరు ఆ పూటకే చెరిగిపోవును. పుస్తకమున వ్రాసిన పేరు బిడ్డకు జీవితాంతము నిలుచును. బారసాలకు పురోహితుని పిలుచుటతోపాటు పంచాయతి కార్యదర్శికి తెలియజేయుటయు ఆ శుభకార్యములో ఒక అంగముగ చేసికొన్నచో ఈ ఊరిలో ఏ బిడ్డయు లెక్క తప్పదు.

ఎవరు తెలియజేయవలెను? ఆసుపత్రిలో పుట్టినచో ఆ ఆసుపత్రి వైద్యాధికారియో, ఆయన నియమించినవారో తెలుపవలెను. ఇంట పుట్టినచో ఆ యింటి పెద్ద తెలుపవలెను. ఆయన లేనపుడు ఇంటనున్న దగ్గరి బంధువు తెలుపవలెను. సత్రములో పుట్టినచో సత్రపు నిర్వాహకుడు, కారాగారమున పుట్టినచో జైలు అధికారి, కదలుచున్న బండిలో పుట్టినచో బండి నడుపు బాధ్యత గలవాడు మొదటి మజిలీలో తెలుపవలెనని నియమము. వ్రాయనేర్వని వారు నోటిమాటగా చెప్పి వేలిముద్ర వేయవచ్చును. చదువు రాదని సంకోచింప నక్కరలేదు.

ఇచట మన ఆచారమువలన వచ్చు చిక్కొకటి కలదు. తొలి కాన్పు పుట్టింట జరుగును. బిడ్డ మా వంశమువాడు గనుక మా ఊరిలోనే వ్రాయింతుమని అత్తవారు తలంతురు. బిడ్డ వారివాడు గనుక వారే వ్రాయించుకొందురని పుట్టింటివారు తలంతురు. తల్లి పచ్చి బాలెంతరాలు. ఆమె ఇరువురి మాట వినును. మూడవ నెలలో బిడ్డను అత్తవారింటికి తెచ్చునప్పటికి గడువు దాటియుండును. చట్టము చెప్పునది స్పష్టము. జననము ఎచట జరిగినదో అచటనే వ్రాయింపవలెను. తల్లిదండ్రులు కాపురముండు ఊరిలో కాదు. పట్టణపు ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఆ పట్టణపు లెక్కలో చేరును. పుట్టింట పుట్టినచో తెలుపవలసిన బాధ్యత ఆ యింటి పెద్దది, అనగా బిడ్డ మాతామహునిది. మనుమని ఎత్తుకొను సంతోషముతోపాటు ఈ పనియు తాతగారిదే యని ఎల్లరు గుర్తుంచుకొనవలెను.

తేదీ విషయమున మరియొక చిక్కు కలదు. పంచాంగము ప్రకారము దినము సూర్యోదయముతో మొదలగును. ప్రభుత్వపు తేదీ అర్ధరాత్రితో మారును. సోమవారము రాత్రి నిద్రించి, రెండు గంటలకు నొప్పులు వచ్చి బిడ్డ పుట్టినచో, ఇంటి పెద్దలు సోమవారమనియే చెప్పుదురు. జాతకమునకు అదియే సరి. పుస్తకమునకు మాత్రము అది మంగళవారపు తేదీ. జాతకమునందొక దినము, పత్రమునందొక దినము కనబడినను భయపడ నక్కరలేదు. గడియ చూచి, అర్ధరాత్రి దాటినదో లేదో తెలిసికొని చెప్పినచో చాలును.

ఇక వ్రాయింపవలసిన వివరములు. బిడ్డ పుట్టిన తేదీ, స్థలము, ఆడో మగో, పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, వారి చిరునామా, ఉన్నచో వారి ఆధారు సంఖ్యలు, తెలిపినవారి పేరు ముఖ్యములు. తల్లిదండ్రుల చదువు, వృత్తి, తల్లికి పెండ్లియైన వయస్సు, బిడ్డ బరువు మొదలగునవి కూడ అడుగుదురు. అవి దేశపు లెక్కలకొరకు. ధ్రువపత్రమున అవి రావు. కావున దాచక చెప్పవచ్చును. కవలలు పుట్టినచో ఒక్కొక్కరికి వేరు పత్రము వ్రాయవలెను.

పేరు వ్రాయించునపుడు తొందర కూడదు. ఇంట పిలుచు ముద్దుపేరు వ్రాయించి, బడిలో మరియొక పేరు చేర్చి, తరువాత కచేరీల చుట్టు తిరుగువారు పెక్కుమంది. ఇంటిపేరును ఒక పొడి అక్షరముతో సరిపెట్టక పూర్తిగా వ్రాయింపవలెను. తల్లిదండ్రుల పేర్లు వారి పత్రములందెట్లున్నవో అట్లే ఉండవలెను. ఆంగ్లాక్షరములలో ఒక్క అక్షరము తేడా వచ్చినను, ఇరువది యేండ్ల తరువాత అది పెద్ద కొండయై అడ్డు నిలుచును. ఆసుపత్రివారు వ్రాసినదే యైనను, వ్రాలు చేయుటకు ముందు చదువుకొనవలెను, చదువలేనివారు చదివించుకొనవలెను.

పేరు నిర్ణయము కాలేదని నమోదు మాని కూర్చుండరాదు. పేరు లేకయే జననమును వ్రాయింపవచ్చును. నమోదైన తేదీనుండి 12 నెలలలోపల పేరును రుసుము లేక చేర్పించుకొనవచ్చును. ఆ పిమ్మట 15 ఏండ్ల వరకు ఆలస్య రుసుముతో చేర్చు వీలు కలదు. నక్షత్రము చూచి పేరు పెట్టువారికిని, మేనత్త వచ్చువరకు ఆగువారికిని చట్టము ఇంత వెసులుబాటు కల్పించినది. వ్రాతలో నిజమైన పొరపాటు దొరలినచో అధికారి రుజువులు చూచి సరిదిద్దును. కాని మొదటి వ్రాతను చెరుపరు. ప్రక్కన అంచుమీద సవరణ వ్రాసి, తేదీ వేసి, వ్రాలు చేయుదురు. లెక్క వ్రాయువారి నీతి అదియే. తప్పును దిద్దవచ్చును గాని తప్పు జరుగలేదని చూపరాదు.

నమోదైన పిదప ఏడు దినములలోపల ధ్రువపత్రమును తెలిపినవారికి ఉచితముగ ఇయ్యవలెను. కాగితముమీద గాని ఎలక్ట్రానిక్ రూపమున గాని అది రావచ్చును. 21 దినములు దాటి 30 దినములలోపల వచ్చినవారు కొద్దిపాటి ఆలస్య రుసుము చెల్లించిన చాలును. 30 దినములు దాటి ఏడాదిలోపల నైనచో జిల్లా రిజిస్ట్రారు లేక నియమిత అధికారి వ్రాతమూలకమైన అనుమతియు, స్వయముగ ధ్రువీకరించిన పత్రమును కావలెను. ఏడాది దాటినచో జిల్లా మేజిస్ట్రేటు గాని, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు గాని, అధికారమీయబడిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు గాని విచారించి ఉత్తరువు చేయవలెను. మొదటి మూడు వారములలో ఊరిలోనే తీరు పని, ఏడాది గడచిన పిదప ఎన్ని మైళ్ల ప్రయాణమగునో, ఎన్ని కూలిదినములు పోవునో లెక్క వేసికొనుడు. తెలుపవలసినవారు తెలుపకున్నను, తెలిసి అబద్ధము చెప్పినను 250 రూపాయల వరకు జరిమానా కలదు. ఆ జరిమానా స్వల్పమే. అంతకంటె పెద్ద జరిమానాను బిడ్డ తన జీవితమంతయు చెల్లించును.

కర్ణుని కథ తలచినపుడు కుంతిని నిందించుట సులభము. పెండ్లికాని తల్లి నోరు విప్పుటకు ఆ లోకము చోటీయలేదు. నేటి చట్టము ఆ చోటిచ్చినది. ఒంటరి తల్లియు, అవివాహిత తల్లియు తన కడుపున పుట్టిన బిడ్డ జననమును తానే వ్రాయింపవచ్చును. అట్టి తల్లి కోరినపుడు ఆమెనుండి ప్రమాణపత్రము మాత్రము తీసికొని జనన ధ్రువపత్రమీయవలెనని సుప్రీముకోర్టు 2015లో తీర్పు చెప్పినది. 2023 సవరణము అట్టి తల్లిని తెలుపవలసినవారి వరుసలో పేర్కొన్నది. దత్తత తీసికొన్నవారినిగూడ చేర్చినది. విడిచిపెట్టబడిన పసికందు గ్రామమున కనబడినచో, కనుగొన్నవారు గ్రామాధికారికి తెలుపవలెను. ఆయన నమోదునకు తెలుపవలెను. నదిలో కొట్టుకొనివచ్చిన పెట్టెలోని బిడ్డకును నేడు లెక్కలో చోటు కలదు. అట్టి తల్లి కార్యాలయమునకు వచ్చినపుడు ఆమెను నలుగురిలో ప్రశ్నించి నవ్వువారు, కర్ణుని నాటి రంగస్థలమును మరల కట్టుచున్నవారే యగుదురు.

పుట్టి ఒక్క గడియ బ్రతికి పోయిన బిడ్డకును జననమొకటి, మరణమొకటి వ్రాయింపవలెను. ఆ దుఃఖములో కార్యాలయమునకు పోవుట ఎవరికిని మనసొప్పదు. ఇరుగుపొరుగువారు, బంధువులు తోడుపోవలెను. అట్టి లెక్కల మూలముననే ఏ ప్రాంతమున పసిబిడ్డలు ఎక్కువగా చనిపోవుచున్నారో ప్రభుత్వమునకును వైద్యులకును తెలియును. ఆ బిడ్డ పేరు పుస్తకమున నిలిచి తరువాతి బిడ్డలకు మేలు చేయును.

వ్రాయించుటతో తల్లిదండ్రుల ధర్మము ముగియదు, అచట మొదలగును. అటుపిమ్మట చట్టము వారిపై పెట్టిన ప్రతి బాధ్యతయు ఆ మొదటి తేదీనుండియే లెక్కింపబడును.

బిడ్డకు ఆరేండ్లు నిండగనే బడిలో చేర్పింపవలెను. 6 మొదలు 14 ఏండ్ల వరకు ఉచిత నిర్బంధ విద్యకు 2009లో చట్టము చేసిరి. అది 2010 ఏప్రిలు 1నుండి అమలులో నున్నది. బిడ్డను బడిలో చేర్చుట తల్లిదండ్రుల విధియని ఆ చట్టము చెప్పుచున్నది. రాజ్యాంగమును 2002లో సవరించి, బిడ్డకు చదువుకొను అవకాశము కల్పించుటను పౌరుల ప్రాథమిక విధులలో చేర్చిరి. వయస్సు రుజువు లేదని ఏ బిడ్డకును ప్రవేశము నిరాకరింపరాదనియు విద్యాహక్కు చట్టమున కలదు. కావున పత్రము లేదను నెపముతో బిడ్డను ఇంట నుంచుట తగదు.

14 ఏండ్లు నిండనివారిని కూలికి పెట్టరాదు. బడి వేళలు కాని సమయమున ఇంటివారికి సాయపడుటకు మాత్రము కొంత మినహాయింపు కలదు. 18 ఏండ్లు నిండనివారిని గనులు, ప్రేలుడు పదార్థములు మొదలగు ప్రమాదకరమైన పనులలో పెట్టరాదు. పెండ్లికి ఆడపిల్లకు 18, మగపిల్లవానికి 21 నిండవలెను. 2006 నాటి చట్టము ప్రకారము బాల్యవివాహము చేయువారికిని చేయించువారికిని రెండేండ్ల వరకు కఠిన శిక్షయు, లక్ష రూపాయల వరకు జరిమానాయు కలవు. పిల్లకు పదునెనిమిది నిండినవని ఇరువైపుల పెద్దలు గట్టిగ చెప్పినపుడు, కాదని చెప్పగల నోరు ఆ పుస్తకమునకే కలదు.

లెక్క వ్రాయుటవలన ఏమగునని అడుగువారు గురజాడ అప్పారావుగారు 1897లో ప్రచురించిన కన్యాశుల్కమునకు వ్రాసిన పీఠికను చూడవలెను. విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో జరిగిన శుల్క వివాహములకు విజయనగర మహారాజు పట్టిక తయారు చేయించిరి. అట్టివి 1,034 తేలినవి. వానిలో 99 మంది బాలికలు అయిదేండ్లవారు, 44 మంది నాలుగేండ్లవారు, 36 మంది మూడేండ్లవారు, ఆరుగురు రెండేండ్లవారు, ముగ్గురు ఏడాది పసిపాపలు. ఇంటింట జరుగుచున్నది అందరికిని తెలియును. కాని వయస్సు వరుసను పట్టికగా వ్రాసి చూపినగాని ఆ పాపము రూపము కట్టలేదు. ఆ అంకెలు పీఠికకెక్కినవి. ఆ దురాచారము నాటకమై నిలిచి నేటికిని తెలుగువారిని నవ్వించుచు సిగ్గుపరచుచున్నది.

బిడ్డను పోషించుటయు ధర్మమే కాక చట్టము కూడ. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము ప్రకారము, వివాహమున పుట్టినను కాకున్నను బిడ్డ పోషణ తల్లిదండ్రుల బాధ్యత. పోషింపని తండ్రిపై మతభేదము లేక మేజిస్ట్రేటు ఉత్తరువు చేయగలడు. 2024 జూలై 1నుండి ఇది భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 144వ విభాగమున కలదు. మైనరు పేరనున్న భూమిని సహజ సంరక్షకుడు కోర్టు అనుమతి లేక అమ్మరాదని 1956లోని మరియొక హిందూ చట్టము చెప్పుచున్నది. తండ్రి చనిపోయిన బిడ్డకు ఉన్న రెండెకరముల విషయమున పాలివారితో తగవు వచ్చినపుడు, ఇతడు ఎవరి కొడుకు, ఎన్నవ యేట ఉన్నాడు అను రెండు ప్రశ్నలకు జవాబు ముందుగా కావలెను. ఆ రెండు జవాబులును ఆ చిన్న కాగితమున కలవు.

2023 అక్టోబరు 1వ తేదీన గాని ఆ పిమ్మట గాని పుట్టినవారికి బడి ప్రవేశమునకు, వాహనము నడుపు అనుమతికి, ఓటర్ల జాబితాకు, వివాహ నమోదునకు, ప్రభుత్వోద్యోగమునకు, పాసుపోర్టునకు, ఆధారునకు పుట్టిన తేదీని, స్థలమును రుజువు చేయుటకు జనన ధ్రువపత్రమే ప్రమాణము. పూర్వము ఊరి పెద్దల సాక్ష్యముతోను, బడి పంతులుగారు ఊహించి వ్రాసిన తేదీతోను పనులు జరిగినవి. ఈ తరము బిడ్డలకు ఆ దారి మూసికొనిపోయినది.

పెద్దవారిలో తమ పుట్టిన తేదీ ఎరుగనివారు నేటికిని ఎందరో కలరు. దివిసీమ ఉప్పెననాటికి చంకబిడ్డననియు, ఫలాని కరవున నడచుచుంటిననియు చెప్పుదురు. ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చినది గనుక ఆ లెక్క కొంత నిలుచును. ఫలాని నామ సంవత్సరమనిన, ఆ పేరు అరువదియేండ్లకొకమారు తిరిగి వచ్చును. జీవితమంతయు కష్టపడిన ముదుసలి, వృద్ధాప్యపు పింఛనుకొరకు తన వయస్సును తాను రుజువు చేసికొనలేక బల్లల యెదుట నిలువబడుట చూచినవారికి, ఈ ప్రసంగములో చెప్పిన న్యాయములేవియు అక్కరలేదు. ఆ తల్లికి జరిగినది మనుమరాలికి జరుగరాదు.

వయస్సు తగ్గించి వ్రాయించినచో ఉద్యోగములో రెండేండ్లు కలిసివచ్చునని ఆశించువారు కలరు. అది నేరము, అంతకుమించి, బిడ్డ బ్రతుకుగ్రంథములోని మొదటి పంక్తిని అసత్యముతో ఆరంభించుట. శకుంతల సభలో సత్యమునకు మించిన ధర్మము లేదని వాదించినది తన బిడ్డకొరకే గదా.

గ్రంథాలయ చందాదారులకు ఒక్క విన్నపము. ఈ భవనమునకు దినపత్రిక చదువుటకు వచ్చువారిలో వ్రాయనేర్చినవారు, కంప్యూటరు తెలిసినవారు పలువురు కలరు. ఒక్కొక్క వీధికి ఒక్కరు పూనుకొని, తమ వీధిలో పురుడు వచ్చిన యింటికి పోయి, వ్రాయించితిరా యని ఒక్కమాట అడిగినచో చాలును. అక్షరము రానివారికి పత్రము నింపిపెట్టవలెను. పట్టణమున పుట్టిన బిడ్డ యైనచో ఆసుపత్రి పత్రమును చదివి పేర్లు సరిచూడవలెను. కులము, వీధి, ఆడపిల్లయా మగపిల్లవాడా యను భేదము చూడరాదు. పుస్తకమునందు అందరికిని ఒక్కొక్క వరుసయే.

ఈ యేడు పుట్టిన బిడ్డలు ఈ గ్రంథాలయ స్వర్ణోత్సవమునాటికి ఇరువదియైదేండ్ల పౌరులై యుందురు. ఆనాడు వారిలో ఎవరును తమ పుట్టుకకు ఆకాశవాణికొరకు ఎదురుచూడకుండుగాక. ఉయ్యాలలో వేసిననాడే వారి పేరు పుస్తకమున నిలుచుగాక.

స్వస్తి.